కొండలలో కనుగొనబడిన కొత్త జంతువులు

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగపాఠము)



నిన్నటి నుండి మీరు ఈ శిబిరమున పన్నుల వసూలును గూర్చియు, మంచినీటి పథకములను గూర్చియు, వీధి దీపముల ఖర్చులను గూర్చియు వినుచున్నారు. ఈ పూట మేము చెప్పబోవు విషయము వానికి చాల దూరముగా తోచవచ్చును. ఉష్ణమండల దేశములలోని ఎత్తయిన కొండలయందు గడచిన ముప్పది, ముప్పదియైదు సంవత్సరములలో శాస్త్రజ్ఞులు కొత్తగా గుర్తించిన కొన్ని జంతువులను గూర్చి మీకు తెలియజేయదలచినాము. ఇవి పిల్లలను పాలిచ్చి పెంచు జంతువులు. ఆవు, మేక, కోతి, ఎలుక, గబ్బిలము, తుదకు మనుష్యుడును ఈ వర్గములోని వారే. శాస్త్రమున ఈ వర్గమును క్షీరదములందురు.

“మా ఊరి పంచాయతీకిని, ఎచ్చటనో వియత్నాము కొండలలో తిరుగు మృగమునకును సంబంధమేమి?” అని మీరు అడుగవచ్చును. అడుగుట న్యాయమే. సంబంధము కలదు. అది ఏమో కథ విన్న పిదప మీకే తెలియును.

కొత్తది యనగా నేమి?

మొదట ఒక్క మాటను తేటపరచవలెను. కొత్త జంతువు అనగా నిన్న మొన్న పుట్టిన జంతువు కాదు. అది వేల, లక్షల సంవత్సరముల నుండి ఆ కొండలలో ఉన్నదే. అచ్చటి ప్రజలు దానిని ఎరిగినవారే. అయితే శాస్త్రమునకు ఒక పద్ధతి కలదు. ఒక జంతువు యొక్క చర్మమునో, కపాలమునో తెచ్చి, ఇదివరకు తెలిసిన వానితో పోల్చి, ఏ విధముగా వేరైనదో వివరించి, రెండు మాటల శాస్త్రనామము పెట్టి, పత్రికలో ప్రకటించిన నాడే అది శాస్త్రపు లెక్కలోనికి ఎక్కును.

ఇది మీకు తెలియని పద్ధతి కాదు. ఒక రైతు తాతల నాటి నుండి ఒక చెక్క భూమిని దున్నుకొనుచుండవచ్చును. ఊరందరికి ఆ సంగతి తెలిసియుండవచ్చును. కాని దానికి సర్వే నంబరు లేక, అడంగలులో పేరు ఎక్కక పోయినచో కచేరీ లెక్కలో ఆ సాగు లేనట్లే. రేపు ఆ భూమికి ఆపద వచ్చినను అడుగువారుండరు. జంతువుల సంగతియు అంతే. లెక్కలోనికి ఎక్కని జంతువును కాపాడుటకు చట్టము లేదు, నిధులు లేవు, మనుష్యులు లేరు. కావున కొత్త జంతువును కనుగొనుట యనునది పండితుల వినోదము మాత్రమే కాదు. ఆ జంతువు బ్రతుకునకు అది మొదటి మెట్టు.

గోడకు వ్రేలాడిన కొమ్ములు

వియత్నాము, లావోసు దేశముల నడుమ సరిహద్దుగా అన్నమైట్ పర్వతములను కొండల వరుస కలదు. ఏటవాలుగా లేచిన కొండలు, విడువని వానలు, తడి ఆరని దట్టమైన అడవులు. 1992వ సంవత్సరము మే నెలలో వియత్నాము అటవీ మంత్రిత్వ శాఖ వారును, ప్రపంచ వన్యప్రాణి నిధి సంస్థ వారును కలిసి హా తిన్ రాష్ట్రములోని వూ క్వాంగ్ అను అడవిని పరిశీలించుటకు పోయిరి. డో టువోక్ అను వియత్నాము శాస్త్రజ్ఞుడును, జాన్ మెకినన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడును ఆ బృందములోని వారు.

వారు అడవిలో ఆ మృగమును చూడలేదు. అడవి అంచు గ్రామములలో వేటగాండ్ర ఇండ్లకు పోయినప్పుడు అచ్చట ఉంచుకొనిన కొమ్ములను చూచిరి. పొడవుగా, ఇంచుమించు తిన్నగా, నున్నగా, ఒకదాని ప్రక్క ఒకటి చేరి వెనుకకు వాలిన కొమ్ములు. అట్టి కొమ్ములు గల మృగము శాస్త్రగ్రంథములలో ఎచ్చటను లేదు. గ్రామీణులకు మాత్రము అందులో వింత ఏమియు లేదు. అది వారు ఎరిగిన మృగమే. దానికి వారి భాషలో పేరు కూడ కలదు: “సావోలా”. రాట్నమునకు నిలువుగా నాటు రెండు కొయ్యలని ఆ మాటకు అర్థము. ఆ కొమ్ములను చూచినవారికి ఆ పేరు ఎంత తగినదో వెంటనే తోచును. నూలు వడికిన చేతులే అట్టి పేరు పెట్టగలవు.

1993లో శాస్త్రజ్ఞులు దీనిని ‘నేచర్’ అను పత్రికలో ప్రకటించిరి. భుజము వద్ద సుమారు 85 సెంటీమీటర్ల ఎత్తు, 80 నుండి 100 కిలోల బరువు, ముదురు గోధుమవన్నె మేను, ముఖముపై తెల్లని చారలు, ఆడు మగ రెంటికిని 50 సెంటీమీటర్ల వరకు పెరుగు కొమ్ములు. చూచుటకు జింకవలె, ఆఫ్రికా దేశపు ఇఱ్ఱివలె ఉన్నను, పరీక్షించి చూడగా అది ఆవులు, గేదెలు మొదలగు వాని కుటుంబమునకు చెందినదని తేలినది. అంత పెద్ద భూచర మృగము శాస్త్రమునకు కొత్తగా దొరకుట అంతకుముందు ఏబది సంవత్సరములకు పైగా జరుగలేదు. 1937లో కాంబోడియా ప్రాంతపు అడవి ఎద్దు ఒకటి గుర్తింపబడిన పిదప ఇదియే మొదటిది.

ఆ కొండలు అంతటితో ఊరుకొనలేదు. 1994లో కుక్కవలె మొరుగు జింకజాతులలో కెల్ల పెద్దదియైన ఒక జింకను అచ్చటనే గుర్తించిరి. 2000లో ఒంటిపై పులిచారలవంటి చారలు గల ఒక కుందేలునకు పేరు పెట్టిరి. ఈ కుందేలు మొదట శాస్త్రజ్ఞుని కంటబడినది అడవిలో కాదు, లావోసులోని ఒక సంతలో. తినుటకు అమ్మకమునకు పెట్టిన మాంసములో అది ఉన్నది. ఒకచోట ఇంటి గోడ, మరియొకచోట సంత. పండితులకు గురువులు ఎవరో మీరే గ్రహించగలరు.

కొండలయందే యేల?

ఇట్టివి ఎక్కువగా ఉష్ణదేశపు కొండలయందే ఏల దొరకుచున్నవని మీకు సందేహము కలుగవచ్చును. దీనికి కారణము కలదు. సముద్రమట్టము నుండి వేయి మీటర్లు పైకి పోయినచో సుమారు ఆరు డిగ్రీల వేడి తగ్గును. క్రింద మండు వేసవి ఉన్నను పైన దుప్పటి కప్పుకొనవలసిన చలి ఉండును. మబ్బు వచ్చి చెట్లకే ఆనును, కొమ్మలకు నాచు పట్టును. ఆ చలికి, ఆ తడికి అలవాటు పడిన జంతువు క్రిందనున్న వేడి మైదానము దాటి మరియొక కొండకు పోజాలదు. సముద్రము నడుమ దీవి ఎట్టిదో, మైదానముల నడుమ ఎత్తయిన కొండ అట్టిది. ఒక కొండపై చిక్కుకొనిన జంతువులు వేల తరములు గడచు కొలది పొరుగు కొండ వాని నుండి వేరుపడి, తుదకు వేరు జాతి యగును.

ఫిలిప్పైన్సులోని లూజాన్ దీవి దీనికి మంచి నిదర్శనము. ఆ దీవి కొండలను శాస్త్రజ్ఞులు 2000వ సంవత్సరము నుండి పదునైదేండ్లు ఒక్కొక్కటిగా వెదకిరి. మొదలు పెట్టినప్పుడు ఎగురని క్షీరదములు అచ్చట 28 జాతులు మాత్రమే తెలిసియుండెను. ముగియునప్పటికి మరి 28 తేలినవి. మొత్తము 56 జాతులలో 52 లోకమున మరెచ్చటను లేనివి. కొన్ని జాతులు ఒకే ఒక్క కొండపై ఉన్నవి. ఆ కొండపై అడవి పోయినచో ఆ జాతి లోకము నుండియే పోయినట్లు.

వేటగాండ్రు చెప్పిన కోతి

ఇక ఆఫ్రికా ఖండమునకు పోదము. టాంజానియా దేశపు దక్షిణ భాగమున రుంగ్వే యను పాత అగ్నిపర్వతము కలదు. దాని ఎత్తు సుమారు 2,960 మీటర్లు. దాని చుట్టును వన్యకూస యను తెగ వారు వ్యవసాయము చేసికొని జీవింతురు. 2003లో టిమ్ డావెన్‌పోర్ట్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన తోడివారును ఆ కొండపై వన్యప్రాణులను పరిశీలించుచు, గ్రామములలో వేటగాండ్రతో మాటలాడుచుండగా, వారు “కిపుంజీ” యను ఒక కోతిని గూర్చి చెప్పిరి. మనుష్యులను చూచిన బెదరునదనియు, కంటబడుట అరుదనియు అనిరి. ఆ తెగ వారి కథలలో నిజమైన మృగములును, అడవి దయ్యములును కలిసియుండును. కావున ఇది నిజమో, కథయో శాస్త్రజ్ఞులు మొదట తేల్చుకొనలేకపోయిరి.

అయినను వారు ఆ మాటను కొట్టివేయక వెదకిరి. 2003 డిసెంబరు నాటికి ఆ కోతిని స్పష్టముగా చూచిరి. నెత్తిపై నిక్కబొడుచుకొనిన జుట్టు, చలికి ఆగు దట్టమైన బొచ్చు, పొడుగాటి తోక, బాతు కూతయు కుక్క మొరుగుడును కలిసినట్టి విచిత్రమైన అరపు. ఇంచుమించు అదే కాలమున, 2004లో, అచ్చటికి కొన్ని వందల కిలోమీటర్ల దూరమున నున్న ఉడ్జుంగ్వా కొండలలో మరియొక బృందము వారికిని అదే కోతి కంటబడినది. మొదట ఒకరి సంగతి ఒకరికి తెలియదు. పిదప రెండు బృందములును కలిసి 2005 మే నెలలో ‘సైన్స్’ పత్రికలో దానిని ప్రకటించిరి.

అప్పటికి ఛాయాచిత్రములే తప్ప జంతువు చేతికి రాలేదు. అదే సంవత్సరమున రుంగ్వే కొండ క్రింద ఒక రైతు మొక్కజొన్న చేనికి కాపుగా పన్నిన ఉచ్చులో ఈ కోతి ఒకటి పడి చచ్చినది. ఆ దేహమును పరీక్షింపగా, ఇది కొత్త జాతియే కాక, తెలిసిన కోతుల తరగతులలో దేనికిని చెందని ప్రత్యేకమైన తరగతి అని 2006లో తేలినది. ఆఫ్రికా కోతులలో ఒక కొత్త తరగతి యేర్పడుట 1923 తరువాత అదియే మొదలు. తరువాత జరిగిన లెక్కలో మొత్తము 1,117 కోతులు మాత్రమే కలవని తేలినది. అడవి నరకుట, వేట, ఈ రెండును వానిని తరుముచుండెను. అయితే ఆ అడవులకు కాపుదల ఏర్పాటు చేసి, చుట్టు గ్రామముల వారిని ఆ పనిలో చేర్చుకొనిన పిదప తీసిన లెక్కలో రుంగ్వే ప్రాంతమున వాని సంఖ్య పెరిగినట్లు కనబడినది. సకాలమున లెక్కలోనికి ఎక్కినచో ఏమి జరుగునో దీనివలన తెలియుచున్నది.

సొరుగులో దాగినది, తగవులో చచ్చినది

కొన్ని జంతువులు మన కంటి యెదుటనే ఉండియు తెలియక పోవుట కలదు. దక్షిణ అమెరికాలో కొలంబియా, ఈక్వడార్ దేశములలోని ఆండీస్ పర్వతములపై, 1,500 నుండి 2,750 మీటర్ల ఎత్తున, మబ్బులు కమ్మిన అడవులలో చెట్లపై తిరుగు చిన్న జంతువు ఒకటి కలదు. బరువు కిలోకు లోపే. రాత్రివేళ తిరిగి పండ్లు తినును. ఒక్కొక్క ఈతకు ఒక్కటే పిల్ల. దాని చర్మములు, కపాలములు అమెరికా మ్యూజియముల సొరుగులలో ఎన్నో దశాబ్దములుగా పడియున్నను, వేరొక జంతువు పేరిట ఉండెను. క్రిస్టఫర్ హెల్గెన్ అను శాస్త్రజ్ఞుడు ఆ సొరుగులను తెరచి, పండ్లను, పుఱ్ఱెను సరిచూచి, ఇది వేరు జాతి యని గ్రహించి, 2006లో ఆ కొండలకు పోయి బ్రతికియున్న దానిని చూచెను. 2013లో ‘ఒలింగీటో’ యను పేర ప్రకటించెను. ఇందులో విచిత్రమేమనగా, 1960, 1970లలో ఈ జాతికి చెందిన ఆడుదాని నొకదానిని అమెరికాలో ఒక జంతుప్రదర్శనశాల నుండి మరియొక దానికి త్రిప్పిరి. జతతో కలియుట లేదని కారణము. అది కలియక పోవుటకు కారణము దాని మొండితనము కాదు. వారు చూపిన మగది దాని జాతిదే కాదు.

సుమత్రా దీవి ఉత్తర భాగమున బటాంగ్ తోరు అను కొండ అడవి కలదు. 2013లో అచ్చటి గ్రామీణులతో జరిగిన ఘర్షణలో ఒక పెద్ద మగ ఒరాంగుటాను, అనగా తోకలేని పెద్ద వానరము, గాయపడి చచ్చెను. దాని పుఱ్ఱెను పరీక్షించిన మీదట, ఆ కొండలోని వానరములు వేరు జాతి యని 2017లో ప్రకటించిరి. అప్పటికి ఆ జాతి మొత్తము 800కు లోపే మిగిలియుండెను. అది మనుష్యునకు మిగుల దగ్గర చుట్టమైన జాతులలో ఒకటి. దాని పేరు మనకు తెలియుటకు ఒకటి చావవలసి వచ్చినది.

మన దేశమున

మన దేశమునను ఇట్టివి జరిగినవి. ఉష్ణమండలమునకు కొంచెము ఉత్తరమున, అరుణాచల ప్రదేశ్ కొండలలో, 2005లో మన భారత శాస్త్రజ్ఞులే ఒక కోతిజాతిని కొత్తగా ప్రకటించిరి. అచ్చటి మోన్పా ప్రజలు దానిని “మున్ జాలా” అందురు. దట్టమైన అడవిలోని కోతి యని అర్థము. ఆ పేరునే శాస్త్రనామమున చేర్చిరి.

మన తెలుగునాట జరిగినది పక్షి విషయము. కడప జిల్లా లంకమల ప్రాంతపు ముళ్ల పొదలలో తిరుగు కలివికోడి 1900 తరువాత ఎవ్వరి లెక్కలోను కనబడలేదు. అది అంతరించినదనియే గ్రంథములలో వ్రాసిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము వారు దానిని మరల కనుగొనిరి. వారికి దారి చూపినవారు ఆ ప్రాంతమున పక్షులను పట్టి జీవించు వారు. ఎనుబదియారేండ్లు గ్రంథములలో చచ్చిన పక్షి వారి ఎరుకలో బ్రతికియే ఉన్నది.

ఉచ్చు

ఇప్పుడు మరల సావోలా వద్దకు రావలెను. ఏలయన ఆ కథ సుఖాంతము కాలేదు.

1996లో లావోసులోని లక్ సావో అను పట్టణమున ఒక ఆడు సావోలాను పట్టి తెచ్చిరి. విలియం రోబిషో అను శాస్త్రజ్ఞుడు దాని ప్రక్కనే ఉండి పరిశీలించెను. అది మనుష్యులను చూచి బెదరలేదు. చేతి నుండి ఆకులు తినెను. కుక్కను చూచినచో మాత్రము వణకెడిది. అచ్చటివారు దానిని మర్యాదగల మృగమని పిలుతురు. ఆ మాట నిజమని ఆయనకు తోచినది. మూడు వారములు గడవక ముందే అది చచ్చెను. 2010లో గ్రామీణులు మరియొక దానిని పట్టి ఊరికి తెచ్చిరి. అదియు కొలది దినములలోనే చచ్చెను. అడవిలో చెట్లకు కట్టిన, తమంతట తామే ఫోటో తీయు కెమెరాలలో అది 1999లో పడినది. చివర పడినది 2013 సెప్టెంబరులో, వియత్నాములోని క్వాంగ్ నాం రాష్ట్రమున. ఆ పిమ్మట ఇంతవరకు నిశ్చయమైన జాడ లేదు. ఏ జంతుప్రదర్శనశాలలోను ఒక్కటియు లేదు. శాస్త్రజ్ఞుడెవ్వడును దానిని అడవిలో కన్నులార చూడలేదు. కనుగొనిన ముప్పది మూడేండ్లకే, అది ఉన్నదో లేదో తెలియని స్థితి వచ్చినది.

దీనికి కారణము ఎవరో పగబట్టి దానిని వేటాడుట కాదు. సైకిలు బ్రేకు తీగవంటి సన్నని తీగతో కట్టిన ఉచ్చులు. అడవిపందుల కొరకు, జింకల కొరకు, పట్టణములలోని హోటళ్లకు మాంసము అమ్ముకొనుటకు ఆ ఉచ్చులు పన్నుదురు. ఉచ్చునకు పంది యేదో, సావోలా యేదో తెలియదు. కాలు పెట్టిన ప్రతి దానిని పట్టును. పన్నినవాడు మరచిపోయినను అది మరువదు. తుప్పు పట్టి తెగువరకు పట్టుచునే యుండును. సావోలా కొరకు కేటాయించిన రెండు రక్షిత అడవులలో 2011 నుండి 2017 వరకు కాపలాదారులు తీసివేసిన ఉచ్చులు 1,20,000కు పైగా ఉన్నవి. వియత్నాము, లావోసు, కాంబోడియా దేశముల రక్షిత అడవులలో ఏ సమయమునైనను 1 కోటి 20 లక్షల ఉచ్చులు ఉండునని 2020లో ఒక అంచనా వేసిరి.

ఒక చిన్న ఆశ మిగిలియున్నది. 2025లో శాస్త్రజ్ఞులు వేటగాండ్ర ఇండ్లలో దాచిన కొమ్ములు, ఎముకలు, చర్మములు మొదలగు 26 అవశేషములను పరీక్షించి ఒక సంగతి ప్రకటించిరి. సావోలాలు ఉత్తరమున ఒక గుంపు, దక్షిణమున ఒక గుంపుగా 5,000 నుండి 20,000 సంవత్సరముల క్రిందటనే వేరుపడినవట. ఏవేని కొన్ని ఇంకను బ్రతికియున్నచో, రెండు గుంపుల వానిని కలిపి సంతతి పెంచినయెడల జాతి నిలుచు అవకాశము కలదు. దానికి వానిని మొదట కనుగొనవలెను. కనుగొనుటకు ఆ కొండ గ్రామముల వారే దిక్కు. 1992లో దారి చూపినవారు వారే, నేడును వారే.

మన పంచాయతీలు చేయదగినది

ఇక మీ ప్రశ్నకు వత్తుము. మన దేశమున 2002వ సంవత్సరపు జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరచవలెను. ఆ కమిటీ చేయవలసిన ముఖ్యమైన పని, ఊరివారిని అడిగి, ఆ ఊరి పరిధిలోని చెట్లను, మందు మొక్కలను, పంటల రకములను, పశువుల జాతులను, అడవి జంతువులను, వానిని గూర్చి ప్రజలకు గల ఎరుకను ఒక పుస్తకములో నమోదు చేయుట. దానినే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు అందురు. పైన చెప్పిన అడంగలు వంటిదే యిది. భూమికి బదులు ప్రాణుల అడంగలు.

చట్టము మంచిదే. అమలు ఎట్లున్నదో చెప్పుటకు మాకు సంకోచము లేదు. కొంతకాలము క్రిందట మేము ఒక గ్రామమున ఆ రిజిస్టరును తెప్పించి చూచితిమి. అట్ట శుభ్రముగా ఉన్నది, ముద్రలు సరిగా ఉన్నవి. లోపల మాత్రము పొరుగూరి పుస్తకమునకు నకలు. ఆ ఊరిలో లేని చెరువు కూడ అందున్నది. ఆ సాయంత్రము ఊరి బయట గొఱ్ఱెలు కాచు ఒక పెద్దాయనతో మాటలాడితిమి. ఏ గడ్డి ఏ కార్తెలో మొలచునో, చెవులపిల్లి ఏ పొదలో ఈనునో, ఏ పక్షి కొన్నేండ్లుగా రావడము మానినదో ఆయన గంటసేపు చెప్పెను. “ఇవన్నియు పుస్తకములో వ్రాయించితివా, తాతా?” యని అడిగితిమి. “నన్నెవరు అడిగినారు, బాబూ?” అనెను.

ఆ మాట ఆ పంచాయతీకి మాత్రమే తగులునది కాదు, మాకును తగులునది. పుస్తకములు ఎన్ని పూర్తియైనవని పైనుండి అడుగువారము మేమే. అందులో ఏమి వ్రాసినారని అడిగినవారము కాము. ఈ లోపమును ఒప్పుకొనుచు, మీకు మూడు విషయములు మనవి చేయుచున్నాము.

మొదటిది: రిజిస్టరును మరల తెరువుడు. గొఱ్ఱెల కాపరులను, తేనె పట్టువారిని, చేపలు పట్టువారిని, అడవికి పోవు స్త్రీలను, మందు ఎరిగిన ముసలివారిని కూర్చుండబెట్టి అడుగుడు. వారు చెప్పిన పేర్లను వారి మాటలోనే వ్రాయుడు. శాస్త్రనామము తెలియదని వెనుకాడవలదు. సావోలా అను పేరు రాట్నము నుండి వచ్చినదని మరువవలదు. పేరు తెలియని జంతువు కంటబడినచో “ఇట్టిది ఫలాని చోట, ఫలాని నెలలో చూచితిమి” అని వ్రాయుడు. అటవీ శాఖ వారికిని తెలుపుడు. పెద్దలు ఒక్కొక్కరుగా వెళ్లిపోవుచున్నారు. వారితోపాటు వారి ఎరుకయు వెళ్లిపోవుచున్నది.

రెండవది: ఉచ్చుల విషయము. అడవిపందుల వలన రైతునకు కలుగు నష్టము చిన్నది కాదు. రాత్రికి రాత్రి వేరుశనగ చేను పందుల పాలైన రైతునకు జీవవైవిధ్యమును గూర్చి ఉపన్యసించుట తగదు. ఆ నష్టమునకు పరిహారము కోరు మార్గము కలదు. దరఖాస్తు వెంటనే పడునట్లు, పరిశీలన ఆలస్యము కాకుండునట్లు చూచుట పంచాయతీ సభ్యుల బాధ్యత. అది చేసిన పిదప, తీగ ఉచ్చులు, కరెంటు తీగలు వలదని గట్టిగా చెప్పుటకు మీకు అధికారము వచ్చును. వన్యమృగములకు ఉచ్చు పన్నుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. అంతకంటె పెద్ద మాట ఇంకొకటి కలదు. చేని చుట్టు పెట్టిన కరెంటు తీగకు మనుష్యులును బలి యగుచున్నారు. తీగకు పంది యేదో, పక్క చేని రైతు ఏదో తెలియదు.

మూడవది: మీ పరిధిలోని గుట్టను, పోరంబోకు పొదలను పనికిరాని భూమియని తీర్మానములలో వ్రాయుటకు ముందు ఒకమారు పోయి చూడుడు. చూడక వ్రాసిన మాట వలన పోయినది మరల రాదు.

సోదరులారా, ఒక జాతి జంతువు లోకమున ఉన్నదో లేదో అను ప్రశ్నకు జవాబు వియత్నాములో ఒక వేటగాని ఇంటి గోడపై ఉండెను. టాంజానియాలో ఒక వన్యకూస వేటగాని నోట ఉండెను. కడపలో పక్షులు పట్టువాని ఎరుకలో ఉండెను. మీ ఊరిలో అది ఎవరి వద్ద నున్నదో మాకు తెలియదు, మీకు తెలియును. ఈ శిబిరము ముగిసి ఇంటికి పోయిన పిదప, వచ్చు గ్రామసభకు ముందుగా, అట్టి ఒక్కరి గుమ్మము తట్టుడు. అడుగుడు. వ్రాయుడు.